రెండో పంపు స్విచ్ నొక్కే ముందు

మెదక్‌లో ఐటీఐ ఫిట్టర్ పూర్తిచేసిన కుర్రాడికి ఊళ్లోనే ఉద్యోగం దొరకడం కష్టం. మంబోజిపల్లి చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక మరీ కష్టమైంది. చేగుంట, తూప్రాన్, మనోహరాబాద్, కాళ్లకల్ వైపు బస్సెక్కాల్సిందే. అక్కడ బాయిలర్ దగ్గరో, రీహీటింగ్ ఫర్నేస్ దగ్గరో షిఫ్టు పడిందంటే ఆయిల్ పంపులు కూడా మీ బాధ్యతే. డే ట్యాంకు పక్కన రెండు గేర్ పంపులు ఉంటాయి, ఒకటి నడుస్తూ, ఒకటి ఆగి. రాత్రి షిఫ్టులో ఏదో ఒకరోజు ఈ మాట వస్తుంది:

“అన్నా, ప్రెషర్ ఎక్కుతలేదు. రెండోది గూడ ఏద్దమా?”

“ఆగు తమ్మీ. ముందుగాల సక్షన్ గేజ్ జూడు.”

ఆ అన్న సరిగ్గానే చెప్పాడు. ఎందుకో చూద్దాం.

గేర్ పంపు, స్క్రూ పంపు రెండూ పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ జాతివి. చేదతో తోడినట్టు, చుట్టుకు ఇంత అని లెక్కగా నూనె తీసి అవతల పోస్తాయి. పొలంలో నడిచే సెంట్రిఫ్యూగల్ మోటారు అవతల వాల్వు బిగిస్తే నీళ్లు తగ్గించి ఊరుకుంటుంది. గేర్ పంపు ఊరుకోదు. వాల్వు మూసి ఉన్నా తోస్తూనే ఉంటుంది. రిలీఫ్ వాల్వు తెరుచుకోవాలి, మోటారు ట్రిప్ అవ్వాలి, లేదంటే పైపో సీలో కప్లింగో పోవాలి. చక్కెర ఫ్యాక్టరీల్లో మడ్డి తోడే పంపుల దగ్గర పనిచేసిన పెద్దవాళ్లకు ఈ మొండితనం బాగా తెలుసు. కాబట్టి ఆయిల్ ఎక్కువైందని డిశ్చార్జ్ వాల్వు బిగించడం ఇక్కడ పనికిరాదు. మిగులు నూనె స్పిల్ వాల్వు గుండా ట్యాంకుకు తిరిగి వెళ్లాలి, లేదా డ్రైవ్ పెట్టి పంపు స్పీడే తగ్గించాలి.

మరో సంగతి. పంపు ఇచ్చేది నూనె మాత్రమే, దానికి పైపూ వాల్వూ బర్నరూ అడ్డుపడితేనే ప్రెషర్ వస్తుంది. గేజ్ ముల్లు పడిపోయిందంటే నూనె రావడం తగ్గింది, లేదా వచ్చిన నూనె ఎటో పోతోంది. రెండింటికీ మందు వేరు.

రెండింటిలో ఏదో పట్టుకోవడానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా తేలికైన పరీక్ష, ప్రెషర్ ఏ టైమ్‌లో పడుతోందో చూడటం. చలికాలంలో మెదక్ చుట్టుపక్కల తెల్లవారుజామున 10 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఫర్నేస్ ఆయిల్ అప్పుడు సాగుతుంది. ఐఎస్ 1593 లెక్కన ఎంవీ2 గ్రేడు చిక్కదనం 50 డిగ్రీల దగ్గరే 180 సెంటీస్టోక్‌ల దాకా ఉండొచ్చు. 10 డిగ్రీల దగ్గర అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. పొద్దున ప్రెషర్ పడిపోయి, ట్యాంకు కాయిల్‌కు స్టీమ్ ఇచ్చి నూనె వేడెక్కాక బాగుపడితే పంపుకు నూనె అందట్లేదన్నమాట. స్ట్రైనర్ మూసుకుపోయి ఉండాలి, లేదా నూనె చల్లగా ఉండాలి, లేదా సక్షన్ పైపు చిన్నదై ఉండాలి. పంపులోంచి గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు కూడా వస్తుంది.

దీనికి తలకిందులుగా, పొద్దున బాగానే ఉండి నూనె వేడెక్కేకొద్దీ ప్రెషర్ జారిపోతుంటే పంపు అరిగింది. వేడి నూనె పలచన, గేర్లకూ కేసింగుకూ మధ్య సందులోంచి వెనక్కి జారుతుంది. ఆ జారుడు సందు వెడల్పుకు ఘనంగా పెరుగుతుంది: సందు రెట్టింపయితే జారుడు ఎనిమిది రెట్లు. అందుకే నిరుటి దాకా బాగా నడిచిన పంపు ఉన్నట్టుండి చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు రెండో పంపు వేస్తే ఏమవుతుందో చూడండి. అరుగుదల అయితే ప్రెషర్ లేస్తుంది, రోగం కప్పబడుతుంది, స్టాండ్‌బై అన్నది లేకుండా పోతుంది. సక్షన్ ఇబ్బంది అయితే పరిస్థితి ఇంకా చెడుతుంది. చిక్కటి నూనెలో పైపు రాపిడి ప్రవాహంతో సమానంగా పెరుగుతుంది. ఒక పంపుకు రాపిడి వల్ల సక్షన్ గేజ్ మైనస్ 0.2 బార్ చూపిస్తే, అదే పైపు మీద రెండు పంపులు లాగితే మైనస్ 0.4కు పోతుంది. అంతకుముందు ఒక పంపే ఆకలితో ఉండేది, ఇప్పుడు రెండూ.

మన దగ్గర చిన్న ఫ్యాక్టరీల్లో పంపులు సాధారణంగా ఒకటి నడవడానికి, ఒకటి స్టాండ్‌బైకి. ఒక్కటే మొత్తం లోడు మోయాలి. అలాంటిచోట రెండూ కలిపి నడపాల్సి వస్తోందంటే అది రిపేరు వాయిదా వేయడమే, దాన్ని ఏర్పాటు అనకూడదు. నా పట్టుదల ఇదొక్కటే. మూడు పంపులు పెట్టి రెండు నడిపేలా డిజైన్ చేసిన ప్లాంట్ల సంగతి వేరు. అక్కడ సక్షన్ హెడరూ, హీటరూ, రిటర్న్ లైనూ అన్నీ రెండు పంపుల లెక్కతోనే వేస్తారు.

ఈ లెక్క పక్కాగా చూసుకోవాల్సింది రిటర్న్ దగ్గర. బర్నర్ గంటకు 700 లీటర్లు తాగుతుంది, పంపు 1000 ఇస్తుంది అనుకుందాం. స్పిల్ వాల్వు మీద 300 లీటర్ల బరువు. రెండో పంపు వేస్తే 1300. బర్నర్ ట్రిప్ అయితే మొత్తం 2000 ఆ వాల్వు గుండానే పోవాలి. వాల్వు 1000కే సైజు చేసిందయితే హెడర్ ప్రెషర్ లేచి రిలీఫ్ వాల్వులు తెరుచుకుంటాయి. రిలీఫ్ వాల్వు పంపును కాపాడటానికి ఉంది, రోజువారీ ప్రెషర్ పట్టి ఉంచడానికి కాదు. పంపులోనే ఉండే రకం అయితే వాల్వు దాటిన నూనె సక్షన్‌కే తిరిగొచ్చి అక్కడే తిరుగుతూ కాగుతుంది, కాసేపటికి పంపు పట్టేస్తుంది.

హెడర్ 6 బార్ దగ్గర నడవాలంటే ఒకే ఒక్క స్పిల్ వాల్వు 6 దగ్గర పట్టుకోవాలి. రెండు పంపుల రిలీఫ్‌లూ దానికి పైన, మాటవరసకు 8 దగ్గర ఉండాలి. అసలు అంకె మీ పైపులకూ పంపుకూ తయారీదారు ఇచ్చిన హద్దును బట్టి తేల్చుకోవాలి. ప్రతి పంపుకూ రిలీఫ్ విడిగా ఉండాలి. అది డిశ్చార్జ్ ఐసొలేషన్ వాల్వుకు ముందే ఉండాలి, ట్యాంకుకు పోయే దాని లైనులో మూసే వాల్వు ఏదీ ఉండకూడదు. “రిలీఫ్ కారుతోంది, బిగించెయ్” అని ఎవరైనా అంటే లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టమనండి. అప్పుడు చాలామంది వెనక్కి తగ్గుతారు.

హీటర్‌ను కూడా మరిచిపోతారు. ఒక పంపు నూనెను వేడిచేసే సైజు హీటర్ గుండా రెండు పంపుల నూనె పోతే బయటికొచ్చే వేడి తగ్గుతుంది. బర్నర్ దగ్గర నూనె సరిగా చీలదు, చిమ్నీ నల్లబడుతుంది. అప్పుడు బర్నర్ నాజిల్ విప్పి శుభ్రం చేస్తూ కూర్చుంటారు.

వేడి మాట వచ్చింది కాబట్టి: ఫర్నేస్ ఆయిల్ ఫ్లాష్ పాయింట్ కనీసం 66 డిగ్రీలు. పెట్రోలియం చట్టంలో ఇది క్లాస్ సి, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. బర్నర్ లైనులో మాత్రం దాన్ని 100 డిగ్రీలు దాటించి పంపుతున్నాం. అంటే కారే ప్రతి చుక్కా ఫ్లాష్ పాయింట్‌కు పైనే ఉంది. పంపు కింద ట్రేలో నూనె నిలవ ఉంచి పక్కన వెల్డింగ్ చేయనివ్వొద్దు.

ఆగి ఉన్న పంపు వల్ల కూడా తంటాలే. కామన్ సక్షన్ వాక్యూమ్‌లో ఉంటే, ఆ పంపు అరిగిన షాఫ్ట్ సీలు గాలి పీలుస్తుంది. నడిచే పంపు బాగానే ఉన్నా మంట దడదడలాడుతుంది. సక్షన్ వాల్వు మూసేద్దామంటే ఆటో స్టార్ట్ ఉన్నచోట అది పొడిగా తిరిగి చస్తుంది. కాబట్టి సీలు మార్చించడమే దారి. మోటారు రీవైండింగ్‌కు పోయి వచ్చిందంటే కప్లింగ్ విప్పి తిరిగే దిక్కు చూశాకే కలపండి. ఫేజులు మారితే గేర్ పంపు డిశ్చార్జ్ వైపు నుంచి లాగి సక్షన్ వైపుకు తోస్తుంది, రిలీఫ్ వాల్వు తప్పువైపున పడి ఉంటుంది.

పంపు మార్చేటప్పుడు, స్టాండ్‌బై కేసింగ్ వేడెక్కిందా అని చూసి, దాని ఆటో స్టార్ట్ తీసేసి, షాఫ్టును చేత్తో ఒక చుట్టు తిప్పండి. చల్లటి నూనె గడ్డకట్టి ఉంటే తిరగదు. తిరిగితే సక్షన్, ఆ తర్వాత డిశ్చార్జ్ వాల్వులు పూర్తిగా తెరిచాకే స్టార్ట్ చేయండి. అమ్మీటరూ గేజూ కుదుటపడ్డాక పాత పంపు ఆపండి. రెండూ కలిసి నడవాల్సింది ఆ కొద్ది నిమిషాలే. ఆపిన వెంటనే పాత పంపు కప్లింగ్ వైపు చూడండి. అది వెనక్కి తిరుగుతుంటే నాన్ రిటర్న్ వాల్వు పట్టట్లేదు, కొత్త పంపు నూనె పాత పంపు గుండా ట్యాంకుకు పోతోంది. పాత పంపు ఆటో స్టార్ట్ తీసేసి, దాని డిశ్చార్జ్ వాల్వు మూసి, స్విచ్‌కు ట్యాగ్ కట్టండి. లాగ్‌బుక్‌లో టైము, నూనె వేడి, సక్షన్, డిశ్చార్జ్, ఆంపియర్లు రాసి మెయింటెనెన్స్‌కు స్లిప్ పంపండి.