మెనూ రాయండి, మనిషిని చదవండి

మోర్తాడ్‌లో డిగ్రీ చదువుతూ కంప్యూటర్ నేర్చుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక సూచన. పెద్ద యాప్ కట్టాలని ఎదురుచూస్తూ కూర్చోకండి. నల్ల తెర మీద అక్షరాలతోనే నడిచే చిన్న ప్రోగ్రాం ఒకటి రాయండి. ఇంటి పసుపు లెక్క చాలు: నిజామాబాద్ మార్కెట్‌కు ఎన్ని బస్తాలు పోయాయి, కొమ్ముకు ఎంత పలికింది, మండకు ఎంత, హమాలీ, లారీ కిరాయి పోను చేతికెంత వచ్చింది. దానికొక మెనూ పెట్టండి.

పాతకాలపు పని అనుకోకండి. మామూలు బటన్ ఫోనులో *99# కొడితే ఇంటర్నెట్ లేకుండానే బ్యాంకు బ్యాలెన్స్ చూపేదీ, డబ్బు పంపేదీ ఇలాంటి అంకెల మెనూయే. ఇది రాస్తే కోడింగ్ ఎలాగూ వస్తుంది. దాంతోపాటు ఎదుటి మనిషి వైపు నుంచి ఆలోచించే గుణం అలవడుతుంది. ఉద్యోగానికైనా, వ్యాపారానికైనా ఆ గుణమే పెట్టుబడి.

1. తగ్గించండి

తెలిసిందంతా తెర మీద పెట్టాలనిపిస్తుంది. ఆగండి. ఎంపికలు పెరిగేకొద్దీ నిర్ణయానికి పట్టే సమయమూ పెరుగుతుందని బ్రిటిష్ మనస్తత్వవేత్త విలియం హిక్ 1952లోనే ప్రయోగాలతో చూపించాడు. అమ్మకం, ఖర్చు, మొత్తం లెక్క, దిద్దుబాటు, బయటికి. ఈ ఐదూ చాలు. రోజూ వాడేది పైన, ఎప్పుడో వాడేది కింద. ఏది ముఖ్యమో తేల్చుకోలేనివాడు మెనూ రాయలేడు, టైం టేబులూ వేసుకోలేడు.

2. వాడేవాళ్ల మాటల్లో చెప్పండి

‘డేటా ఎంట్రీ’ అంటే బాపుకు ఏం తెలుస్తుంది? ‘అమ్మకం రాయి’ అనండి. కొన్ని టెర్మినళ్లలో తెలుగు ఒత్తులు చెదిరిపోతాయి. అలా అయితే తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. ఎదుటివారికి అర్థం కాని పదం వాడి గొప్పగా మాట్లాడామనుకోవడం ఇంటర్వ్యూలోనూ దెబ్బతీస్తుంది.

3. తప్పు జరుగుతుందనే అనుకోండి

పైథాన్‌లో ‘ఇన్‌పుట్’ ఏది తీసుకున్నా అక్షరాలుగానే ఇస్తుంది. మీరు దాన్ని నేరుగా అంకెగా మార్చబోతే, ఎవరైనా ఖాళీగా ఎంటర్ కొట్టగానే ప్రోగ్రాం ఎర్రర్ చూపి ఆగిపోతుంది. అలా కాకుండా ‘1 నుంచి 4 వరకు ఏదైనా కొట్టండి, బయటికి 0’ అని చెప్పి, వైల్ లూప్‌తో మళ్లీ అడగండి. తిట్టకండి, దారి చూపండి. లెక్క చెరిపేసే ముందు ‘నిజంగా చెరపాలా?’ అని అడగండి. జవాబు రాకపోతే ‘వద్దు’ అనే అనుకోండి. రేపు మీ చేతికింద నలుగురు పనిచేసినప్పుడు వాళ్ల తప్పులను కూడా ఇంతే ఓపికగా చూడగలగాలి.

4. మాట మార్చకండి

ఒక తెర మీద 0 అంటే వెనక్కి, ఇంకో తెర మీద 9 అంటే వెనక్కి అయితే ఎవరికైనా చిరాకే. 1994లో సికింద్రాబాద్‌లో మొదలైన రైల్వే రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ ‘కాన్సర్ట్’ను గుర్తు చేసుకోండి. కౌంటర్లో అక్షరాల తెర ముందు కూర్చున్న గుమాస్తాలు కీబోర్డు మీదే చకచకా టికెట్లు కొట్టేవారు. ఏ గడి తర్వాత ఏ గడి వస్తుందో మారకుండా ఉంటేనే చేతికి ఆ వేగం వస్తుంది. మనిషి విషయమూ అంతే. నిన్నటి మాట మీద ఇవాళ నిలబడేవాడితోనే పని సులువు.

5. నోరు మూసుకుని చూడండి

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. ప్రోగ్రాం బాపు చేతికో, అమ్మ చేతికో ఇచ్చి పక్కన కూర్చోండి. ఏ మీట కొట్టాలో చెప్పకండి. వాళ్లు ఎక్కడ ఆగారో కాగితం మీద రాసుకోండి. ఆగిన ప్రతిచోటా తప్పు మీ మెనూదే. ‘మీకు తెలియదులే’ అన్న మాట నోటిదాకా వస్తే మింగేయండి. రాత్రికి దిద్ది, మర్నాడు మళ్లీ ఇవ్వండి. విమర్శను ఇలా పనిగా మార్చుకోవడం వచ్చినవాడికి గురువులు ఇంట్లోనే దొరుకుతారు.

ఇవాళే మొదలుపెట్టండి. కీబోర్డు తర్వాత, ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. మీ ఇంట్లోవాళ్లకు రోజూ పనికొచ్చే ఐదు పనులు వాళ్లనే అడిగి, వాళ్ల మాటల్లోనే రాయండి. మీ మొదటి మెనూ అదే.