ఫలితాలకు ముందే పండుగ

ధ్యాన భాగము: నెహెమ్యా 8:1–12



మార్కులు వస్తే స్వీట్లు పంచుతాము, రాకపోతే ఇంట్లో పొయ్యి కూడా వెలిగించము. మన విశాఖలో ఇంటర్ ఫలితాల రోజున చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. ఆ వారంలో తిండి మానేసి కళ్లు తిరిగి పడిపోయిన పిల్లలను చూశాను. ప్రాణం మీదికి తెచ్చుకున్న పిల్లల పక్కన కూడా రాత్రంతా కూర్చున్నాను. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం వేరే ఊరిలో నర్సింగ్ విద్యార్థినుల హాస్టల్ చూసుకునేటప్పుడు నేనొక తప్పు చేశాను. పరీక్షలు దగ్గర పడ్డాయని కోత పండుగకు ఎవరినీ పంపలేదు. ఫలితాలు వచ్చాక మాత్రం పాసైన వారికి విందు చేశాను. ఫెయిలైన ఒక అమ్మాయి ఆ సాయంత్రం గదిలో పెట్టె సర్దుకుంటూ ఒంటరిగా ఏడ్చింది. మేము ఆమెకు ప్లేటు కూడా పంపలేదు. “మేడమ్, పండుగ నాకు కాదు కదా” అన్న ఆమె మాట నేటికీ మరచిపోలేదు.

నెహెమ్యా గ్రంథం చూడండి. 52 దినములలో ప్రాకారము కట్టి ముగించిన ప్రజలు, ఏడవ నెల మొదటి దినమున కూడుకున్నారు. ఎజ్రా ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రము చదివాడు. లేవీయులు దాని భావము వివరించారు. అంటే అది ఒక పెద్ద తరగతి! తమ లోపాలు తెలిసి ప్రజలు ఏడ్చారు. అయితే నాయకులు, ఇది పరిశుద్ధ దినము, దుఃఖపడవద్దు, దేవునిలో ఆనందమే మీకు బలము అన్నారు. మంచి భోజనము చేయమని, ఏమీ వండుకోని వారికి వంతులు పంపమని చెప్పారు. ప్రజలు సంతోషించింది ఎందుకు? మార్కులు వచ్చినందుకు కాదు, చెప్పిన మాటలు గ్రహించినందుకు. అదే నెల 24వ దినమున ఉపవాసముండి తమ పాపములు ఒప్పుకొన్నారు. కాబట్టి పండుగ బాధ్యతను తప్పించుకొనుట కాదు.

రిచర్డ్ ఫోస్టర్ 1978లో రాసిన ‘సెలబ్రేషన్ ఆఫ్ డిసిప్లిన్’ అనే పుస్తకంలో ప్రార్థన, ఉపవాసము, అధ్యయనము వంటి 12 ఆత్మీయ సాధనలను వివరించి, ఆనందోత్సవాన్ని చివరి సాధనగా ఉంచారు. సాధన అంటే మనసు బాగున్నా లేకపోయినా చేసేది.

ఇంట్లో ఇలా ఆరంభించండి:

1. వారానికి ఒక పూట పుస్తకాలు మూయండి. నాన్నగారు స్టీల్ ప్లాంటులో బి షిఫ్టుకు వెళ్తుంటే ఉదయమే కలిసి భోంచేయండి. ఆ పూట మార్కుల మాట ఎత్తవద్దు.

2. ఈ వారం అర్థమైన ఒక సంగతి చెప్పి ప్రతి ఒక్కరూ దేవునికి స్తోత్రము చెల్లించండి.

3. ఒక వంతు బయటికి పంపండి. ఫెయిలైన స్నేహితునికి, హాస్టల్లో ఒంటరిగా ఉన్న విద్యార్థికి.

4. పండుగ పేరిట నిద్ర పాడుచేయవద్దు. 13 నుండి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. చదివినది జ్ఞాపకంలో నిలవడానికి నిద్ర సహాయపడుతుంది.

5. ఫలితాలు రాకముందే కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకోండి. “ఏది వచ్చినా నువ్వు మా బిడ్డవే” అని ఆ రోజే నోరు తెరిచి చెప్పండి.

ఒక హెచ్చరిక. దిగులుతో ఉన్న బిడ్డను “సంతోషించు” అని బలవంతపెట్టకండి. రెండు వారాలుగా నిద్ర, ఆకలి, మాట తగ్గితే డాక్టరు గారికి చూపించండి. చనిపోవాలని ఉందని ఒక్కసారి అన్నా తేలికగా తీసుకోవద్దు, ఒంటరిగా వదలవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. టెలి మానస్ ఉచిత నంబరు 14416కు రాత్రీపగలూ ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ అమ్మాయి మళ్లీ పరీక్ష రాసి పాసై నర్సయింది. కానీ ఆ సాయంత్రం నేను పంపని ప్లేటును ఇప్పుడు పంపలేను. మీరు పంపగలరు. మీ వీధిలో ఈసారి ఆ వంతు ఎవరికో ఆలోచించండి.

దేవుడు మీ పిల్లలను దీవించును గాక. ఆమేన్.

– నర్సింగ్ సూపరింటెండెంట్