పల్సార్ల రేడియో పిలుపు - ఒక్క లయలో ఉన్న బలం

మన గడియారాలతో పోటీపడేంత కచ్చితంగా రేడియో సంకేతాలు పంపే నక్షత్రాలు ఉన్నాయి. వీటినే పల్సార్లు అంటాము. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థినిగా ఉన్న జోసెలిన్ బెల్ మొదటి పల్సార్‌ను గుర్తించారు. దాని సంకేతం 1.337 సెకన్లకు ఒకసారి వస్తుంది.

పల్సార్ అంటే వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం. సూర్యుని కంటే ఎక్కువ ద్రవ్యరాశి సుమారు 20 కి.మీ. వ్యాసం గల గోళంలో ఇమిడి ఉంటుంది. దాని అయస్కాంత క్షేత్రం సాధారణంగా భూమి క్షేత్రం కంటే లక్ష కోట్ల రెట్లు బలమైనది. ధ్రువాల దగ్గర నుంచి వెలువడే రేడియో పుంజం లైట్‌హౌస్ వెలుగులా తిరుగుతూ మనవైపు వచ్చినప్పుడల్లా ఒక సంకేతం అందుతుంది.

మరి ఆ తరంగాలు ఎలా పుడతాయి? ఇది కేవలం వేడి వల్ల వచ్చేదైతే, ఉష్ణోగ్రత 1 పక్కన 25 సున్నాలు పెట్టినన్ని డిగ్రీలకు పైగా ఉండాలి. అది అసాధ్యం. కాబట్టి కణాలన్నీ ఒకే లయలో పనిచేస్తూ ఉండాలి. 100 తరంగాలు ఎవరి దారిన అవి వస్తే శక్తి సగటున 100 రెట్లే. అవే శిఖరానికి శిఖరం కలిసేలా వస్తే ఎత్తు 100 రెట్లు, శక్తి దాని వర్గం, అంటే 10,000 రెట్లు! దీనినే సంబద్ధ వికిరణం అంటారు.

తిరిగే అయస్కాంతం బలమైన విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అది ఎలక్ట్రాన్లను కాంతి వేగానికి దగ్గరగా తరుముతుంది. అవి వంపు తిరిగిన క్షేత్రరేఖల వెంట పోతూ గామా కిరణాలు విడుదల చేస్తాయి. ఆ కిరణాలు ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటలుగా మారతాయి. ఆ జంటల వల్ల మరిన్ని జంటలు పుట్టి ప్లాస్మా నిండుతుంది. ఈ ప్లాస్మా విద్యుత్ క్షేత్రాన్ని అణచివేస్తుంది. కానీ క్షేత్రం ఒక్కసారిగా ఆగిపోదు, ఊయలలా అటూ ఇటూ ఊగుతుంది. ఈ ఊగుడే రేడియో తరంగాలను పంపగలదని 2020లో ఫిలిప్పోవ్, తిమోఖిన్, స్పిట్కోవ్‌స్కీ కంప్యూటర్ నమూనాలతో చూపారు. అయినా శాస్త్రవేత్తలందరూ అంగీకరించిన జవాబు ఇంకా రాలేదు.

పల్సార్ల ఆవిష్కరణకు 1974లో నోబెల్ బహుమతి బెల్ గురువు హ్యూయిష్‌కు దక్కింది, బెల్‌కు దక్కలేదు. 2018లో తనకు వచ్చిన 30 లక్షల డాలర్ల బ్రేక్‌త్రూ బహుమతిని ఆమె, భౌతికశాస్త్రంలో అవకాశాలు తక్కువగా ఉన్న వర్గాల విద్యార్థుల ఉపకార వేతనాలకు ఇచ్చేశారు. స్కాలర్‌షిప్ విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మిగిలిన ఆ జవాబు కనుగొనేవారు మన హాస్టళ్ల నుంచీ రావాలని ఆశిద్దాం.