డేకేర్ మూతపడితే ఒలింపియాలో ఎవరిని అడగాలి?

2020 మార్చి 12న వాషింగ్టన్ రాష్ట్ర లెజిస్లేచర్ ఆ ఏటి 60 రోజుల సమావేశాలు ముగించుకుని రాజధాని ఒలింపియా నుంచి ఇళ్ళకు బయలుదేరింది. మర్నాడే గవర్నర్ జే ఇన్‌స్లీ రాష్ట్రమంతటా బడులు మూసేస్తున్నామని ప్రకటించారు. మళ్ళీ మామూలు సమావేశాలు 2021 జనవరిలోనే. ఈలోగా రెడ్‌మండ్‌లో, సియాటిల్‌లో ఉద్యోగం చేసుకునే అమ్మానాన్నలు ఒక చేత్తో లాప్‌టాప్, ఇంకో చేత్తో పాలసీసా పట్టుకుని మీటింగుల్లో కూర్చున్నారు.

తెలుగు ఇళ్ళకు దెబ్బ రెండు వైపుల నుంచీ తగిలింది. మనవాళ్ళలో చాలామందికి చైల్డ్‌కేర్ అంటే అమ్మ ఆరు నెలలు, అత్తగారు ఆరు నెలలు విజిటర్ వీసా మీద రావడమే. ఆ మార్చి చివరికల్లా ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది, కాన్సులేట్లలో వీసా ఇంటర్వ్యూలు ఆగిపోయాయి. డేకేర్లను మూసెయ్యమని ఈ రాష్ట్రంలో ఎవరూ ఆదేశించలేదు. అయినా పిల్లలు రాక, టీచర్లకు జీతాలివ్వలేక మూసుకున్నవి బోలెడు. అమ్మమ్మా రాలేదు, డేకేరూ లేదు.

ఇలాంటి కాలంలో మనం చేసేదేమిటంటే వాట్సాప్ గ్రూపులో గోడు వెళ్ళబోసుకోవడం, మేనేజర్‌ని బతిమాలుకోవడం. రెండూ తప్పు కాదు. కానీ డేకేర్ తలుపు తెరిపించగల అధికారం మేనేజర్ చేతిలో లేదు. అది చాలావరకు రాష్ట్రం చేతిలో ఉంది. కోవిడ్ కాలంలో చైల్డ్‌కేర్ కోసం కేంద్రం ఇచ్చిన డబ్బు చిన్నదేమీ కాదు. 2021 మార్చి నాటి అమెరికన్ రెస్క్యూ ప్లాన్ చట్టంలోనే 3,900 కోట్ల డాలర్లు ఉన్నాయి. అందులో 2,400 కోట్లు సెంటర్లు మూతపడకుండా నిలబెట్టడానికే. ఆ డబ్బు ఎవరికి, ఏ లెక్కన, ఎంత త్వరగా చేరాలన్న నిర్ణయాలు మాత్రం ఎక్కువగా రాష్ట్రాలు చేసుకున్నాయి. కాబట్టి అడగాల్సిన చోటు రాష్ట్ర రాజధాని.

ఇక్కడే మనవాళ్ళు తికమకపడతారు. యూఎస్ కాంగ్రెస్ సభ్యులు మన ఎంపీల్లాంటి వాళ్ళు. మీకు కావలసింది ఎమ్మెల్యే లాంటివాళ్ళు. వాషింగ్టన్‌ను 49 శాసన జిల్లాలుగా విడదీశారు. ఒక్కో జిల్లాకు ఒక సెనేటర్, ఇద్దరు రిప్రజెంటేటివ్‌లు, అంటే మీకు మొత్తం ముగ్గురు. లెజిస్లేచర్ వెబ్‌సైట్‌లో ఇంటి అడ్రసు కొడితే పేర్లు వస్తాయి. జిల్లాలో సుమారు లక్షన్నర మంది జనం ఉంటారు. ఒకే విషయం మీద ఒక వారంలో పదిమంది ఫోన్ చేస్తే ఆ ఆఫీసు గమనించక తప్పని పరిస్థితి అది. ఫోన్ ఎత్తేది, మెయిల్ చదివేది లెజిస్లేటివ్ అసిస్టెంట్. ఎమ్మెల్యే గారి పీఏ ఎంత ముఖ్యుడో మనకు ఒకరు చెప్పాలా? పేరు కనుక్కోండి, మర్యాదగా మాట్లాడండి. తర్వాతి మెయిల్ ఆ పేరు మీదే పంపండి.

“నాకు ఓటే లేదు, హెచ్‌-1బీ మీద ఉన్నాను, నా మాట ఎవరు వింటారు?” అని చాలామంది అక్కడే ఆగిపోతారు. శాసన జిల్లాల హద్దులు గీసేది జనాభాను బట్టి, ఓటర్లను బట్టి కాదు. ఆ లక్షన్నర మందిలో మీరూ ఉన్నారు, మీ రెండేళ్ళ బిడ్డా ఉంది. ప్రభుత్వానికి విన్నవించుకోవడానికి పౌరసత్వం అడగరు. చెయ్యకూడనిది ఒకటుంది: గ్రీన్‌కార్డు లేని విదేశీయులు ఎన్నికల చందాలు ఇవ్వకూడదు. రాష్ట్ర ఎన్నికలకూ, నగర ఎన్నికలకూ కూడా ఈ నిషేధం వర్తిస్తుంది. ఫండ్‌రైజర్ డిన్నర్‌కు ఎవరైనా పిలిస్తే అది గుర్తుంచుకోండి. మీ వీసా కేసు సున్నితంగా ఉంటే ముందు లాయర్‌ని అడగండి.

ఇక ఏం అడగాలి? “చైల్డ్‌కేర్ సమస్య పరిష్కరించండి” అంటే ఏ శాసనసభ్యుడైనా తల ఊపుతారు, అంతటితో సరి. రాష్ట్రం తన కలం పోటుతో మార్చగలిగినదొకటి ఎంచుకోండి. కోవిడ్‌లో చాలా రాష్ట్రాలు చేసిన ఒక మార్పు చూడండి. సబ్సిడీ మీద వచ్చే పిల్లలకు ప్రభుత్వం సెంటర్‌కు డబ్బు కడుతుంది. హాజరును బట్టి కడితే, జబ్బు భయంతో పిల్లలు మానేసిన నెలలో సెంటర్‌కు రాబడి పడిపోతుంది. అద్దె, జీతాలు మాత్రం తగ్గవు. అందుకని నమోదైన పిల్లల లెక్కన కట్టారు. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. చాలా సెంటర్లను బతికించింది అలాంటి మార్పులే.

“మాకు సబ్సిడీ రాదు, మా జీతాలు ఎక్కువ” అనుకునేవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. వాషింగ్టన్ నియమాల ప్రకారం సెంటర్‌లో ఏడాదిలోపు పసిపిల్లలు నలుగురికి ఒక టీచర్ ఉండి తీరాలి. ఆ నలుగురు కట్టే ఫీజులోంచే ఆ టీచర్ జీతం, అద్దె, ఇన్సూరెన్స్ అన్నీ రావాలి. కాబట్టి కష్టకాలంలో ముందుగా మూతపడేది తరచూ పసిపిల్లల గదే. పక్క ఉయ్యాలలోని పాపకు రావలసిన ప్రభుత్వ డబ్బు ఆగితే, పూర్తి ఫీజు కడుతున్న మీ పాప ఉన్న గదికీ తాళం పడుతుంది. అందుకే ఒంటరిగా వెళ్ళకండి, మీ సెంటర్ డైరెక్టర్‌ని వెంటబెట్టుకోండి. ఇంట్లోనే లైసెన్స్ తీసుకుని డేకేర్ నడిపే తెలుగు ఆంటీ ఉంటే ఆవిడనూ పిలవండి. తల్లిదండ్రులు కష్టం చెబుతారు, నడిపేవాళ్ళు లెక్క చెబుతారు. బిల్లును పరిశీలించే కమిటీకి రెండూ కావాలి. మన సంఘాల్లో పండగ కార్యక్రమాలకు వందల మందిని కూడగట్టేవాళ్ళు ఉన్నారు. అందులో పదోవంతు శ్రద్ధ ఇటు పెడితే చాలని నా అభిప్రాయం.

కరోనా చేసిన ఒకే ఒక్క మేలు, ఒలింపియాకు వెళ్ళే పని తప్పించడం. 2021 సమావేశాలు చాలావరకు వీడియోలోనే జరిగాయి. కమిటీ హియరింగ్‌లలో ఇంటి నుంచే టెస్టిమనీ చెప్పే ఏర్పాటు ఆ తర్వాతా కొనసాగింది. హియరింగ్‌కు గంట ముందు వరకూ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. మాట్లాడవచ్చు. మాట్లాడకుండా “ప్రో” అని మద్దతు మాత్రం నమోదు చెయ్యవచ్చు, దానికి రెండు నిమిషాలు చాలు. రాతపూర్వకంగా పంపాలంటే హియరింగ్ మొదలైనప్పటి నుంచి 24 గంటల గడువు ఉంటుంది. మాట్లాడేవాళ్ళకు ఇచ్చే సమయం ఒకటి రెండు నిమిషాలే. మనకు అలవాటైన ఉపోద్ఘాతాలు, “ఈ అవకాశం ఇచ్చిన పెద్దలకు” వగైరాలు దానిలో పట్టవు. ఇలా ఉంటే చాలు:

“నేను ఫలానా జిల్లాలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా సెంటర్‌కు సగంమంది పిల్లలే వస్తున్నారు, అందుకని సబ్సిడీ డబ్బు సగమే వస్తోంది. పోయిన నెల పసిపిల్లల గది మూసేశారు. అప్పటి నుంచి నేనూ నా భర్తా వంతులవారీగా సెలవు పెడుతున్నాం. ఎమర్జెన్సీ ముగిసేదాకా నమోదైన పిల్లల లెక్కన డబ్బు ఇవ్వాలన్న ఈ బిల్లుకు మద్దతిస్తున్నాను. దయచేసి దీన్ని కమిటీ దాటించండి.”

ఎవరు, ఏం జరిగింది, ఏం కావాలి. ఇంగ్లిష్ ఉచ్చారణ గురించి దిగులు వద్దు, కాగితం చూసి చదవచ్చు. బిడ్డ పేరు, బడి పేరు, ఆరోగ్య వివరాలు, మీ వీసా సంగతి మాత్రం చెప్పకండి. హియరింగ్‌ల వీడియోలు టీవీడబ్ల్యూ ఛానల్ వెబ్‌సైట్‌లో ఏళ్ళ తరబడి ఉంటాయి. శాసనసభ్యులకు రాసిన మెయిళ్ళు కూడా పబ్లిక్ రికార్డుల చట్టం కింద బయటికి రావచ్చు. ఆఫీసు ఈమెయిల్ వాడకండి, కంపెనీ తరఫున మాట్లాడుతున్నట్టు వినిపించనివ్వకండి. కంపెనీ పేరు ఎత్తకపోవడమే మేలు.

మొదటి కమిటీలో అందరూ మీ మాట మెచ్చుకుంటారు. పిల్లల సంక్షేమ కమిటీలో పిల్లల బిల్లును కాదనేదెవరు? బిల్లులు ఎక్కువగా చచ్చేది డబ్బు కమిటీల్లో: హౌస్‌లో అప్రోప్రియేషన్స్, సెనేట్‌లో వేస్ అండ్ మీన్స్. గడువు తేదీ దాటిందంటే చాలా బిల్లులు ఆ ఏటికి కథ ముగిసినట్టే. కాబట్టి రెండో విడత ఫోన్లు ఆ కమిటీకి చేరేటప్పుడు చెయ్యాలి. మొదటి హియరింగ్ బాగా జరిగిందని మురిసిపోయి మానేసేవాళ్ళే ఎక్కువ.

2021లోనూ చైల్డ్‌కేర్ బిల్లుకు అదే గతి పట్టగలిగేదే, కానీ పట్టలేదు. ఆ ఏడు మేలో ఫెయిర్ స్టార్ట్ ఫర్ కిడ్స్ చట్టం వచ్చింది. సబ్సిడీకి అర్హులయ్యే కుటుంబాల ఆదాయ పరిమితి పెరిగింది, వాళ్ళు కట్టాల్సిన వాటా తగ్గింది. డబ్బు ఎక్కడిది? అదే సమావేశాల్లో మరో చట్టం కూడా చేశారు. షేర్లు, బాండ్ల వంటివి అమ్మితే ఏడాదికి 2.5 లక్షల డాలర్లు దాటిన లాభం మీద 7 శాతం పన్ను అని అప్పట్లో పెట్టారు. కంపెనీ స్టాకు బాగా పెరిగిన ఏడు ఈ పన్ను కట్టిన తెలుగువాళ్ళూ ఉంటారు, చిరాకుపడినవాళ్ళూ ఉంటారు. ఆ డబ్బులో కొంత చైల్డ్‌కేర్‌కే పోతుందని వాళ్ళలో ఎందరికి తెలుసో! దాన్ని రద్దు చెయ్యాలన్న ప్రతిపాదనను 2024 నవంబరులో ఓటర్లు ఓడించారు. అయినా 2025లో బడ్జెట్ లోటు వచ్చేసరికి ఫెయిర్ స్టార్ట్ చట్టంలో రావలసిన కొన్ని విస్తరణలను వాయిదా వేశారు. అంతకుముందే, 2023 సెప్టెంబరు 30తో, సెంటర్లను నిలబెట్టడానికి కేంద్రం ఇచ్చిన ఆ 2,400 కోట్ల పద్దు గడువు తీరిపోయింది.

ఉపద్రవం సమావేశాల క్యాలెండర్ చూసుకుని రాదు. సభ లేనప్పుడు పగ్గాలు గవర్నర్ అత్యవసర ఉత్తర్వుల్లో, పిల్లల, యువత, కుటుంబాల శాఖ చేతిలో ఉంటాయి. ఆ శాఖను అందరూ డీసీవైఎఫ్ అంటారు. అప్పుడు మీ ముగ్గురు సభ్యుల్ని అడగవలసింది బిల్లు కాదు, ఆ శాఖకు ఒక ఉత్తరం. ఫలానా నియమాన్ని తాత్కాలికంగా సడలించమని సభ్యుడి లెటర్‌హెడ్ మీద వెళ్ళిన విన్నపానికి జవాబు త్వరగా వస్తుంది. లెటర్ పంపారా అని పది రోజుల తర్వాత అసిస్టెంట్‌ని అడగండి. పంపితే కాపీ తెప్పించుకుని మీ సెంటర్ డైరెక్టర్‌కు ఇవ్వండి.

సమావేశాలు ఏటా జనవరి రెండో సోమవారం మొదలవుతాయి. బేసి సంవత్సరాల్లో 105 రోజులు, సరి సంవత్సరాల్లో 60. రెండేళ్ళ బడ్జెట్ రాసేది బేసి సంవత్సరంలో కాబట్టి పెద్ద కోరిక అప్పటికి దాచుకోండి. చిన్న సవరణలు సరి సంవత్సరంలో అడగండి. పరిచయం మాత్రం అంతకుముందే, నవంబరులోనో డిసెంబరులోనో చేసుకోవాలి. అప్పుడు వాళ్ళు జిల్లాలోనే ఉంటారు, తీరికగా మాట్లాడతారు. పిల్లల్ని వెంట తీసుకెళ్ళినా ఏమీ అనరు.