నలభై రెండో స్తంభం దాకా

మా మనవడికి ఆటిజం. వాడికి ఏడేళ్లప్పటి నుంచి, కోవిడ్ రోజులు తప్పిస్తే, ఏటా ఏప్రిల్ 2 దరిదాపుల్లో జరిగే ఆటిజం అవగాహన నడకలకి వెళ్తున్నాం. వాడికిప్పుడు పదహారు, నాకు డెబ్భై రెండు. నేర్చుకున్నవి రాసిపెడుతున్నాను. కొన్ని సిగ్గుపడి నేర్చుకున్నవే.

1. స్పీకర్లకి దూరంగా నిలబడండి.

మొదటిసారి హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో, పీపుల్స్ ప్లాజా దగ్గర. ఆరు కాకముందే జనం. నిలువెత్తు స్పీకర్లు, డీజే, మధ్యమధ్య "ఇంకా గట్టిగా" అంటూ యాంకర్ కేకలు. మావాడు చెవులు మూసుకుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని తారురోడ్డు మీద కూర్చుండిపోయాడు. "లేవరా, అందరూ చూస్తున్నారు" అన్నాను. ఆ మాటన్నది నేనే. మా అమ్మాయి నావైపు ఒక్క చూపు చూసి, చున్నీ తీసి వాడి తలమీద కప్పి, తనూ పక్కన చతికిలబడింది. జెండా ఊపకముందే ఇంటికొచ్చేశాం.

ఆటిజం ఉన్న చాలామందికి చప్పుళ్లు మనకి వినపడినట్టు వినపడవు. కుక్కర్ విజిల్ కూడా కొందరికి ఒంటిమీద దెబ్బే. వాళ్ల పేరున నడక పెట్టి, వాళ్లు నిలబడలేని చోటుని తయారుచేసుకున్నాం. మరుసటేడు నిర్వాహకులకి ముందే ఫోన్ చేశాను: మాలాంటి కుటుంబాలని పావుగంట ముందు, పాటల్లేకుండా పంపించండని. "అంతేగా అంకుల్" అన్నాడు అవతలి కుర్రాడు. ఆ ఒక్కమాట అడగడానికి నాకు ఏడాది పట్టింది.

2. టీషర్టు కోసం పోట్లాడకండి. మెడ వెనక లేబుల్, కొత్తబట్ట గంజి, రెండూ వాడికి ముళ్లే. పాత చొక్కాకే నంబరు కాగితం తగిలిస్తాం. ఫొటోలో రంగు కలవకపోతే కొంపలేం మునగవు.

3. నీళ్లవైపు పెద్దవాళ్లుండాలి.

ఇలాంటి పిల్లల్లో చాలామంది చెప్పాపెట్టకుండా చెయ్యి విదిలించుకుని వెళ్లిపోతారు. నీళ్లు కనబడితే కొందరు ఇక ఆగరు. నెక్లెస్ రోడ్డు పక్కన హుస్సేన్‌సాగర్, విశాఖ బీచ్ రోడ్డు పక్కన సముద్రం. ఎవరు ఎక్కడిదాకా చెయ్యి పట్టుకోవాలో ఇంట్లోనే అనుకుని బయల్దేరతాం. అందరం ఉన్నాంగా అనుకున్నప్పుడే ఎవరూ చూడరు. వాడి జేబులో ఫోన్ నంబరు చీటీ, నా ఫోన్లో ఆ పొద్దున తీసిన ఫొటో తప్పనిసరి.

4. లెక్క అడగండి.

ముప్ఫై మూడేళ్లు బ్యాంకులో క్యాషియర్‌గా చేసినవాణ్ని, అడక్క ఊరుకోలేను. కట్టిన ఫీజులో టీషర్టు, మెడల్, ఉప్మా, స్టేజీ పోగా పిల్లలకి చేరేదెంత? ఏ స్కూలుకి, ఏ థెరపీకి? ఒకసారి ఒకాయన "సార్, ఇది అవగాహన కోసం" అన్నాడు. మంచిదే. అలాంటప్పుడు పోస్టరు మీద సహాయార్థం అని వేయకూడదు. లెక్క కాగితం మీద పెట్టి చూపినవాళ్లూ ఉన్నారు. వాళ్ల నడకలకి మా కాలనీ నుంచి ఆటోలు కట్టించుకుని మరీ వెళ్తాం.

5. నడక అయ్యాక వెంటనే వెళ్లిపోకండి.

అసలు పని అక్కడి టెంటు కింద జరుగుతుంది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాల్నే గుర్తించింది, వాటిలో ఆటిజం లేదు. 2016 చట్టం ఆ జాబితాని 21 చేసి ఆటిజాన్ని అందులో చేర్చింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో మాత్రం ముందునుంచీ ఉంది. ఆ ట్రస్టువాళ్ల నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యఖర్చు వస్తుంది. ఇదంతా మాకు ఏ ఆఫీసులోనూ చెప్పలేదు. టెంటు కింద, కాగితం ప్లేటులో ఉప్మా తింటూ, ఒక తల్లి చెప్పింది. ఇప్పుడు నా సంచీలో యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డుకి కావలసిన కాగితాల జాబితా జిరాక్సులు పది ఉంటాయి. పిల్లల్ని ఎక్కడ చూపించాలని అడిగినవాళ్లకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థకి దారి చెబుతాను.

"మందు వాడితే తగ్గుతుందా?" అని అడిగేవాళ్లు ఏటా ఉంటారు. ఇది జబ్బు కాదు, మెదడు ఎదిగే తీరే వేరు అని చెబుతాను. విసుక్కోను. పదేళ్ల క్రితం నేనూ అదే అడిగాను, డాక్టర్నే.

6. గుర్తుల గురించి వాళ్లనే అడగండి.

ఆటిజానికి గుర్తుగా పజిల్ ముక్క బొమ్మని 1963లో బ్రిటన్‌లో తల్లిదండ్రుల సంఘం తీసుకొచ్చింది. నేనూ గుండెమీద గర్వంగా పెట్టుకున్నాను. ఒక ఏడు ఆటిజం ఉన్న యువకుడొకడు నాపక్కన నడుస్తూ, నా మొహంవైపు చూడకుండానే, "నేను ముక్కని కాదండీ" అన్నాడు. మళ్లీ మాట్లాడలేదు. ఆ బ్యాడ్జీ డ్రాయర్లో పడుంది.

7. వాళ్ల లెక్కలో నడవండి.

మావాడికి కిలోమీటర్లు పట్టవు. దీపస్తంభాలు లెక్కపెడతాడు, ఒక్కోదాన్నీ అరచేత్తో తాకుతాడు. మొదట్లో లాక్కుపోయేవాణ్ని, ఇప్పుడు నేనూ తాకుతున్నాను, చెయ్యంతా దుమ్ము. ఈ ఏడు ముగింపు తోరణం నలభై ఒకటో స్తంభం దాటి, నలభై రెండోది రాకముందే వచ్చింది. అందరూ చప్పట్లు కొడుతున్నా వాడు ఆగలేదు. మెడల్ పట్టుకున్న వాలంటీరమ్మాయి "అన్నా, అయిపోయింది" అంటూ వెనకే వచ్చింది. "ఇంకొకటుందమ్మా" అన్నాను. ఆ పిల్ల ఇంకేం అడక్కుండా మాతోపాటు నడిచింది. వాడు స్తంభాన్ని తాకి, "నలభై రెండు" అని, అప్పుడు మెడ వంచాడు.

రిబ్బను గుచ్చుకున్నట్టుంది. కారెక్కేలోగా మెడల్ నా మెడలోకొచ్చింది.