ఒక కన్ను దూరానికి, ఒక కన్ను దగ్గరికి: చత్వారానికి మోనోవిజన్

భిలాయిలోని సెక్టర్ 4లో ఉంటారు మా మామయ్య. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం, వయసు 46. ఇటీవల వాళ్లింటికి వెళ్లినప్పుడు నా గ్లాసులో మంచినీళ్లు పోయబోయి బల్లమీద పోశారు. "వారమైంది, ఎడమ కంటికి కొత్త లెన్స్ ఇచ్చారు. రెండు కళ్లుండగా ఒక్కదానికే లెన్స్ ఏమిటమ్మా? ఫిజిక్స్ చదివావుగా, నువ్వే చెప్పు" అన్నారు.

చత్వారం ఎందుకు వస్తుంది?

దగ్గరి వస్తువును చూసేటప్పుడు మన కంటి కటకం ఉబ్బి, తన పవర్ పెంచుకుంటుంది. వయసుతోపాటు అది గట్టిపడి, ఈ శక్తిని కోల్పోతుంది. అందుకే నలభై దాటాక పేపరును దూరంగా పట్టుకుని చదువుతాం. ఇది జబ్బు కాదు, అందరికీ వచ్చేదే. 2015 నాటికి ప్రపంచంలో సుమారు 180 కోట్ల మందికి చత్వారం ఉందని అంచనా.

లెక్క చూద్దాం

లెన్స్ పవర్‌ను డయాప్టర్లలో కొలుస్తారు. దూరాన్ని మీటర్లలో రాసి, ఒకటిని దానితో భాగిస్తే సరిపోతుంది. 40 సెంటీమీటర్ల దూరంలో చదవాలంటే 1 ÷ 0.4, అంటే 2.5 డయాప్టర్లు అదనంగా కావాలి. మామయ్య కటకం హాయిగా 1.25 మాత్రమే ఇవ్వగలదనుకుందాం. మిగతా 1.25ను ఎడమ కంటి లెన్స్ ఇస్తుంది.

అప్పుడు కుడి కన్ను సుదూరం నుంచి 80 సెంటీమీటర్ల వరకు, ఎడమ కన్ను 80 నుంచి 40 వరకు స్పష్టంగా చూస్తాయి. రెండు హద్దులూ సరిగ్గా కలిశాయి! సాధారణంగా బలమైన కంటిని దూరానికి వదిలి, రెండోదాన్ని దగ్గరికి సర్దుతారు. మీ బలమైన కన్ను ఏదో తెలుసుకోవాలంటే రెండు అరచేతులతో చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న గడియారాన్ని చూడండి. ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉంటే గడియారం సందులోనే ఉంటుందో అదే బలమైనది.

మెదడు నేర్చుకోవాలి

మసక బొమ్మను పక్కనపెట్టి, స్పష్టమైనదాన్ని వాడుకోవడం మెదడుకు అలవాటు కావాలి. చాలామందికి రెండు మూడు వారాలు పడుతుంది. కొందరికి ఎన్నాళ్లయినా కుదరదు. లోతును పసిగట్టాలంటే రెండు కళ్ల బొమ్మలూ స్పష్టంగా ఉండాలి. ఇక్కడ ఒకటి మసక. మంచినీళ్లు బల్లమీద పడింది అందుకే.

నష్టం ఒక్కోసారి పెద్దదే. 1996 అక్టోబరు 19న న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయంలో డెల్టా 554 విమానం దిగుతూ ప్రమాదానికి గురైంది. అందరూ బతికి బయటపడ్డారు. కెప్టెన్ మోనోవిజన్ లెన్సులు ధరించడం వల్ల ఎత్తును సరిగ్గా అంచనా వేయలేకపోయారని దర్యాప్తు తేల్చింది. 2019లో వెలువడిన ఒక పరిశోధన మరో చిక్కు చూపింది. మసక బొమ్మను మెదడు కొన్ని మిల్లీసెకన్లు ముందుగా గ్రహిస్తుంది. దాంతో అడ్డంగా వెళ్లే సైకిల్ ఉన్న దూరం కన్నా ముందో వెనకో ఉన్నట్టు కనిపించవచ్చు.

ఎప్పటికీ పనిచేస్తుందా?

కటకం శక్తి 0.5కు తగ్గితే దగ్గరి కంటికి 2 డయాప్టర్ల లెన్స్ కావాలి. అప్పుడు దూరపు కన్ను 2 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది, దగ్గరి కన్ను 50 సెంటీమీటర్లు దాటలేదు. మధ్యలో ఉన్న కంప్యూటర్ తెర, వంటింటి గట్టు రెండు కళ్లకూ మసకే. అప్పుడు మల్టీఫోకల్ లెన్సులో, కళ్లద్దాలో ఆలోచించాలి.

అలవాటయ్యే వరకు బండి నడపవద్దు, మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త అని చెప్పాను. రాత్రి డ్రైవింగ్‌కు ఎడమ కంటి తేడాను సరిచేసే కళ్లద్దాలు పైన పెట్టుకోవచ్చు. ప్లాంటులో భద్రతా కళ్లద్దాల స్థానాన్ని ఏ లెన్సూ తీసుకోదు. ఎత్తు మీద, క్రేన్ దగ్గర పని ఉంటే లెన్స్ సంగతి ముందుగా కంటి డాక్టరుకు చెప్పాలి. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా లెన్స్ వెంటనే తీసేయాలి.

నెల తర్వాత మామయ్య ఫోన్ చేశారు. "పేపరు, టీవీ రెండూ లెన్స్‌తోనే చూస్తున్నా. స్కూటర్ తీసేటప్పుడు మాత్రం కళ్లద్దాలే. డ్యూటీకి లెన్స్ పెట్టుకోవడం మానేశానమ్మా" అన్నారు.