మన ఇండ్లలో పెద్దల నిత్యాహారము

డెబ్బదియేండ్లు దాటిన తలిదండ్రులు తెల్లవారుజామున నడకకు పోవుట, మందిరము మెట్లు తామే ఎక్కుట, అంగడిలో గల్లాపెట్టె వద్ద రెండు గంటలు కూర్చుండుట చూచి మనము సంతోషించుచున్నాము. వారేమి తినుచున్నారని ఎవరైన అడిగినచో, “అంతయు ఇంటిభోజనమే” అని బదులు చెప్పుదుము. ఇంటిభోజనమే. అయితే అందులో వారి పళ్లెములోనికి చేరునది ఎంత యను ప్రశ్న మాత్రము మిగిలియే యున్నది.

ముందుగా కాలమును చూడవలెను. చౌవిహారము పాటించువారికి సూర్యాస్తమయముతో ఆహారపానీయములు ముగియును. నవకారసి యనగా సూర్యోదయమునకు తరువాత 48 నిమిషములు గడచువరకు మరల నోట ఏమియు పెట్టరు. డిసెంబరు ఆరంభమున బరంపురములో ప్రొద్దు 5-10 ప్రాంతముననే క్రుంకును. బళ్లారిలో 5-50 ప్రాంతమున. గడియారము దేశమంతటికి ఒక్కటే గాని సూర్యుడు వేరు. బరంపురము పెద్దలకు ఆ దినములలో సాయంకాలము మొదలు మరునాటి ఉదయము ఏడు గంటలవరకు దాదాపు 14 గంటల విరామము. దినమునకు కావలసినదంతయు మిగిలిన పది గంటలలో లోపలికి పోవలెను. అంగడి మూసి మనము ఇల్లు చేరునది తొమ్మిదింటికి. కనుక పెద్దల సాయంకాల భోజనము ఒంటరి భోజనము. మధ్యాహ్నము మిగిలిన రెండు ఫుల్కాలు టీలో ముంచుకొని, “ఆకలి లేదు” అని లేచిపోవు తల్లులు మన వీథులలో ఎందరో కలరు. దానిని వైరాగ్యమని మనము మురియుచున్నాము. బరువు తూచినచో అది వైరాగ్యమో క్షీణతయో తెలియును.

వృద్ధాప్యమున మొదట తగ్గునది కండ. కుర్చీనుండి చేతి ఊత లేక లేచుట, జారినపుడు నిలదొక్కుకొనుట దాని పనులే. కండను నిలుపునది ప్రోటీను. (దీనికి తెలుగులో మాంసకృత్తులని పేరు పెట్టినవారు మన అవ్వలను తలచుకొని యుండరు. పేరు చూచి భయపడనక్కరలేదు, పెసలలోను అవే యున్నవి.) 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా ఆరంభమై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, 2020 నాటి పట్టికలో వయోజనులకు కిలో బరువునకు 0.83 గ్రాముల ప్రోటీను చెప్పినది. వృద్ధులకు 1 మొదలు 1.2 గ్రాములు కావలెనని 2013లో పలుదేశముల వైద్యనిపుణుల బృందము సూచించినది. 55 కిలోల తల్లికి ఈ లెక్కన 55 మొదలు 66 గ్రాములు. మూత్రపిండముల జబ్బు కలవారికి ఈ లెక్క వర్తింపదు; వారు వైద్యుని మాట వినవలెను.

ఇది మన వంటయింటిలో కుదురునా? కుదురును. పచ్చి తూకమున 50 గ్రాముల పెసరపప్పు 12 గ్రాములిచ్చును. పావులీటరు పాలు 8. గిన్నెడు పెరుగు 6. గుప్పెడు వేరుసెనగలు 7. నూరు గ్రాముల గోధుమపిండి 10. నూరు గ్రాముల బియ్యము 7 లేక 8. మజ్జిగపులుసులోని 30 గ్రాముల సెనగపిండి 6. అన్నియు కూడిన 56 వచ్చును. అయితే పప్పు పలుచని కట్టుగా గాక ముద్దగా వడ్డించవలెను. కట్టులో పప్పుకంటె నీరే హెచ్చు.

ఇక వైద్యులు మొలకెత్తిన గింజలు, అల్లము, క్యారెట్టు తినుమందురు. ఇవి మనకు నిషిద్ధములు. అందుచేత మన ఆహారము లోపభూయిష్టమని అనుకొనరాదు. తెల్లవారి నానవేసిన పొట్టుపెసరపప్పు రెండు గంటలలో నానును, పులియనక్కరలేదు. శొంఠి, జీలకర్ర చేర్చి రుబ్బిన పెసరట్టు నవకారసి వేళకు సిద్ధము. తెలుగుదేశపు ఈ అట్టు మన నియమములకు ఇంత చక్కగా అమరుట నాకెప్పుడును ముచ్చటగొలుపును. రాత్రి నిలువయుంచు అంబలి మనకు పనికిరాదు గాని అప్పటికప్పుడు కాచిన రాగిజావ మంచిది. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లిగ్రాముల కాల్షియము కలదు. ద్విదళ నియమముచేత పెరుగును మొదట కాచి పిమ్మట సెనగపిండి కలుపుదురు. పండ్లు కదలినవారికి బాగుగ ఉడికిన సొరకాయ, బీరకాయ, పొట్లకాయ హాయి. బంగాళదుంపకు బదులు అరటికాయ.

అష్టమి చతుర్దశులలో పచ్చికూరలు మానుదుము. ఆనాడు పప్పు, సెనగలు పెరుగవలెను. కాని పెరుగునవి అప్పడములు, ఊరగాయలు, ఖాక్రాలు. ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదు. రక్తపుపోటు కలవారి ఇంట తిథినాడు అప్పడముల డబ్బా పైయటకమీద నుండుట మేలు.

మన ఆహారమున నిజముగా కొరతపడగలది బి12 విటమిను. శాకాహారికి అది పాలు, పెరుగు, మజ్జిగల నుండియే లభించును. వయసుతో జీర్ణాశయపు ఆమ్లము తగ్గి, తిన్నదికూడ పూర్తిగ ఒంటబట్టదు; చక్కెరవ్యాధికి వాడు మెట్‌ఫార్మిన్ దానిని మరింత తగ్గించును. అరికాళ్ల తిమ్మిరి, నడకలో తూలుట, మతిమరపు కనిపించినపుడు “ముసలితనము” అని ఊరకొనక రక్తపరీక్ష చేయింపుడు. మాత్రలలోని బి12 సూక్ష్మజీవుల పులియబెట్టుటచే తయారగునది, జంతుసంబంధము కాదు. గొట్టపు మాత్రల పైతొడుగు మాత్రము జిలాటిను కావచ్చును, అది జంతువుల ఎముకలనుండి, చర్మమునుండి తీయునది. కనుక బిళ్లనే అడిగి కొనవలెను.

నీటి సంగతి. వృద్ధులకు దాహము తెలియదు. సాయంకాలము ఒక్కసారిగ చెంబుడు త్రాగుటకంటె, కాచి చల్లార్చిన నీటిని ఉదయమునుండి గంటకొక గ్లాసు అందించుట మంచిది. గుండెజబ్బు కలవారికి మితము వేరు.

చైత్ర ఆశ్వయుజ ఓళిలో తొమ్మిది దినములు ఆయంబిలము చేయు పెద్దలు పాలు, పెరుగు, నేయి, చక్కెర అన్నియు విడుతురు. పప్పు విడువరు, అది చిక్కగా ఉండవలెను. చక్కెరవ్యాధికి కొన్ని మాత్రలు ఒక్కపూట భోజనముతో కలసినపుడు రక్తములో చక్కెరను ప్రమాదకరముగ దించివేయును, ముఖ్యముగ రాత్రివేళ. వ్రతము ఆరంభించుటకు వారము ముందే మందుల చీటి వైద్యునికి చూపి, ఏ మాత్ర తగ్గించవలెనో, ఏది ఏ వేళకు మార్చవలెనో వ్రాయించుకొని, ఆ కాగితమును ఇంటి కోడలికి, అంగడిలోని కుమారునికి ఇరువురికిని తెలిపి యుంచవలెను.